గొలుసుకట్టు

పత్తికొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర
రేకుల పంచలో నా బల్ల.
యాభై ఏండ్లు మోచెయ్యి ఆనించి, ఆనించి
కొయ్యకు గుంత పడినాది.
ఇప్పుడు ఆ గుంతలో టీ గ్లాసు నిలబడతాది, ఒలకదు.

చిన్నప్పుడు అయ్యవారు ఇసుకలో దిద్దించినాడు.
నా అక్షరాలు అప్పుడు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఊరు,
ఊరికీ ఊరికీ నడుమ బస్సు లేదు.
తలకట్టు పెట్టేకి
నాలుక కొస బయటికొచ్చేది.

పద్దెనిమిదేండ్లకు చాంద్ సాహెబు కింద గుమాస్తాగా చేరితే
ఆయన నేర్పింది ఒకటే:
"కలం లేపితే సిరా ఆరుతాది.
సిరా ఆరితే అమ్మేటోని మనసు మారుతాది.
లేపొద్దురా."

లేపలేదు.
తలకట్టు తోక పోయి పక్క అక్షరం మెడలో పడేది,
వత్తు కిందికి దిగినట్లే దిగి
పై గుడికి గంట కొట్టేది.
వాక్యం ఒకసారి బయలుదేరిందంటే
చెక్కుబందీ నాలుగు దిక్కులూ తిరిగి
సాక్షుల ముంగిట్లోనే ఆగేది.
శనక్కాయల డబ్బులు చేతిలో ఆడే నెలల్లో
పగటికి పన్నెండు దస్తావేజులు.
"బెల్లంకుండకు చీమలు బారు కట్టినట్లుండాది"
అనింది నా పెండ్లాం నా రాత చూసి.
ఆయమ్మకు చదువు రాదు.

యాభై దాటినాక అక్షరం లావైంది.
కండ్ల కోసమనుకున్నా. చేతి కోసమంట.
అరవైలో సున్నలు మూతపడడం మానినాయి,
గొలుసు యాడికక్కడ తెగి
మళ్లా ఒక్కొక్కటీ ఒక్కొక్క ఊరు.
అప్పటికి వీధి నిండా కంప్యూటర్లు,
జిల్లా మొత్తానికీ ఒక్కడే రాసినట్ల కాగితాలు.
పోయిన నెల బ్యాంకులో సంతకం కలవలేదన్నారు.
పాత కార్డు తీసి పక్కన పెట్టినారు.
ఆ మనిషి నేనే నాయినా, అన్నా.
ఆ మనిషి అట్ల చెప్పడం లేదు పెద్దాయనా, అన్నాడు.

నిన్న తుగ్గలి నుంచి ఒక పిల్ల వచ్చినాది,
కురువ ఉరుకుందమ్మ మనవరాలు, నర్సింగు చదువుతాదంట.
ఫోనులో పసుపుబారిన క్రయచీటి ఫొటో.
"ఆఫీసులో ఎవరికీ తెలీలేదు తాతా.
నీకు గొలుసుకట్టు వస్తాదంట గదా."

కళ్లద్దాలు తుడిచి వంగినా.
తొలకరి పడినాక జొన్నగిరి చేలల్లో
వజ్రాలకు తిరిగేటోళ్ల మాదిరి
సాలు సాలూ వెతికినా.
'తూర్పు' దొరికింది. 'రస్తా' దొరికింది.
'పడమర' తర్వాత
వంకా, వంతెనా, వంటిల్లా
తెగలేదు.
ఎవడో పొగరుబోతు రాసినాడమ్మా, అన్నా.
ఎదుటోడు చదవాలని లేదు వీనికి,
గుర్రం తోలుతున్నాడు.

పిల్ల రెండు వేళ్లతో కాగితాన్ని సాగదీసింది.
అడుగున, సాక్షుల కింద,
వ్రాసినవాడు:
దూదేకుల దస్తగిరి.
ఒక్క గీతలో. కలం లేవకుండా.

టీ చల్లారింది.
నేను అనుకోకుండానే నా వేలు
బల్ల మీద ఆ మెలిక ఒకసారి తిరిగినాది.
"వంక," అన్నా. "పడమర వంక."
కన్ను చదవలేదు.

పిల్ల డబ్బులు తీయబోతే వద్దని
నీ పేరు రాయమ్మా, చూస్తా, అన్నా.
"పది పరీక్షల తర్వాత తెలుగు రాయలేదు తాతా,"
అంటూనే పెన్ను పట్టినాది.
ఒకటి రాసి, ఆగి, ఇంకొకటి.
నాలుక కొస బయటికొచ్చింది.
రాసింది చూస్తే
అచ్చం నా ఇప్పటి రాత.

ఇద్దరం నవ్వినాం, ఎందుకో ఆయమ్మకు తెలీదు.

ఆమె పోయినాక, చానా దినాలకు,
కాగితం తీసి ఇది రాసుకున్నా.
కొట్టివేతలు రెండు. దిద్దుబాటు ఒకటి, నా పేరులో.
చెయ్యి అదిరిన చోట్లు
లెక్కలోకి తీసుకోలేదు.